కఫాన్ని కదిలించేది గాలి: వెంటిలేటర్ మీదున్న పేషెంటు శ్వాసనాళాల శుభ్రత (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. నర్సులు, ఫిజియోథెరపిస్టులు, రెస్పిరేటరీ టెక్నీషియన్లు, ఐసీయూలో కొత్తగా అడుగుపెట్టిన డాక్టర్లు, అందరూ ఒకే గదిలో ఉన్నారు. అందుకని ఒక ప్రశ్నతో మొదలుపెడతాను. వెంటిలేటర్ మీదున్న మనిషికి కఫం ఎలా తీస్తాం? సక్షన్ చేస్తాం, అంటే క్యాథెటర్ అనే సన్నటి గొట్టం దించి పీల్చేస్తాం. అంతేనా? సరే, ఆ సక్షన్ క్యాథెటర్ ఎందాకా పోతుంది? ఈటీ ట్యూబు, అంటే గొంతులోంచి ట్రాకియా అనే పెద్ద గాలిగొట్టంలోకి వేసిన ట్యూబు, దాని చివరిదాకా. మహా అయితే ఇంకో సెంటీమీటరు. మన గాలిగొట్టాలు ట్రాకియా నుంచి గాలితిత్తుల దాకా దాదాపు 23 సార్లు చీలుతూ పోతాయి. క్యాథెటర్ అందుకునేది మొదటి చీలికకు పైన ఉన్నదాన్ని మాత్రమే. మరి కింద ఉన్న కఫం సంగతేంటి? దాన్ని ట్యూబు దాకా ఎవరు తెస్తారు?

ఈ పూట నేను చెప్పేదంతా ఆ ప్రశ్న చుట్టూనే ఉంటుంది. సక్షన్ ఆఖరి పని. అసలు పని దానికి ముందు జరగాలి. కఫం తడిగా ఉండాలి, బయటికొచ్చే గాలి లోపలికెళ్లే గాలికంటే వేగంగా ఉండాలి, పేషెంటు దగ్గగలిగితే ఆ దగ్గును మనం చంపకూడదు. ఇవి లేకుండా గంటగంటకూ క్యాథెటర్ దించితే ఏం వస్తుంది? రక్తం వస్తుంది, కఫం రాదు.

ముందు ట్యూబు వేయడం వల్ల పేషెంటు ఏం పోగొట్టుకున్నాడో చూద్దాం. ఆరోగ్యంగా ఉన్న మనిషి శ్వాసనాళాల లోపలి గోడ మీద సన్నటి నూగులాంటి సీలియా ఉంటాయి. సెకనుకు 10 నుంచి 15 సార్లు కొట్టుకుంటూ శ్లేష్మపు పొరను పైకి నెడతాయి. ట్రాకియాలో ఆ పొర నిమిషానికి కొన్ని మిల్లీమీటర్ల చొప్పున, బాగుంటే సెంటీమీటరు దాకా, గొంతువైపు కదులుతుంది. మనకు తెలియకుండానే మింగేస్తాం. ఇప్పుడు ట్యూబు వేశాం, దాని చివర కఫ్ అనే బెలూన్ ఉబ్బించాం. పైకి వచ్చే శ్లేష్మం ఆ బెలూన్ దగ్గర ఆగిపోతుంది. ఇది మొదటి నష్టం. రెండోది దగ్గు. దగ్గాలంటే స్వరపేటిక ఒక్క క్షణం మూసుకోవాలి, లోపల ఒత్తిడి పెరగాలి, అప్పుడు ఒక్కసారిగా తెరుచుకోవాలి. స్వరతంతుల మధ్య ట్యూబు ఉంటే మూసుకునేది ఎక్కడ? పేషెంటు దగ్గుతాడు, కానీ ఆ దగ్గులో బలం ఉండదు. మూడోది ముక్కు. ముక్కు గాలిని వెచ్చబెట్టి తడి చేస్తుంది. ట్యూబు ముక్కును దాటేసింది. వీటికి తోడు ఇంకా ఎన్నో ఉన్నాయి, మత్తుమందులు, ఎక్కువ ఆక్సిజన్, పోషణ లేకపోవడం, కండరాల నీరసం. అన్నీ ఒకే దిక్కుకు లాగుతాయి.

తడి

ఊపిరితిత్తుల్లోకి చేరే సరికి గాలి 37 డిగ్రీల వేడిలో, పూర్తి తడితో, అంటే లీటరుకు 44 మిల్లీగ్రాముల నీటి ఆవిరితో ఉండాలి. గోడలోంచి వచ్చే మెడికల్ గ్యాసులో తడి దాదాపు సున్నా. ఈ తేడాను మనం భర్తీ చేయకపోతే శ్వాసనాళాలు భర్తీ చేస్తాయి, తమ నీళ్లు ఇచ్చి. అప్పుడు కఫం జిగురవుతుంది, తర్వాత పొక్కు కడుతుంది, ఆఖరికి ట్యూబు లోపల గట్టి గోడలా అంటుకుంటుంది.

రెండు దార్లున్నాయి. ఒకటి హెచ్ఎమ్ఈ ఫిల్టర్. పేషెంటు వదిలిన తడినే పట్టుకుని తిరిగి ఇస్తుంది. లీటరుకు కనీసం 30 మిల్లీగ్రాములు ఇవ్వగలిగినదే వాడాలి. రెండోది వేడి హ్యుమిడిఫయర్. దానితో వై-పీస్ దగ్గర, అంటే వెంటిలేటర్ గొట్టాలు ట్యూబు ముందు కలిసే చోట, 33 నుంచి 44 మిల్లీగ్రాములు రావాలి. కఫం ఎక్కువగా, చిక్కగా ఉన్నా, కఫంలో రక్తం ఉన్నా, నిమిషానికి 10 లీటర్లకు మించి గాలి వెళ్తున్నా, శరీరం 32 డిగ్రీల కంటే చల్లబడినా ఫిల్టర్ పనికిరాదు, హ్యుమిడిఫయర్‌కు మారాలి. పేషెంటు వదిలిన గాలి బెలూన్ పక్కనుంచో, ఛాతీలో వేసిన డ్రెయిన్ నుంచో పోతున్నా అంతే. వదిలింది తిరిగి ఫిల్టర్ దగ్గరికి రాకపోతే అది దేన్ని పట్టుకుంటుంది?

ఈ రెండూ కలిపి పెట్టకండి. పెట్టినవాళ్లున్నారు కాబట్టే చెబుతున్నాను. హ్యుమిడిఫయర్ ఇచ్చే నీటితో ఫిల్టర్ తడిసిపోయి గాలికి అడ్డం పడుతుంది. పీక్ ప్రెషర్ (శ్వాస లోపలికి వెళ్లేటప్పుడు చేరే గరిష్ఠ ప్రెషర్) పెరుగుతుంది, పేషెంటుకు బ్రాంకోస్పాజమ్, అంటే గాలిగొట్టాలు బిగుసుకోవడం, అనుకుని నెబులైజేషన్‌గా మందును తుంపర చేసి ఇస్తారు, ఆ మందు కూడా అదే ఫిల్టర్‌లో చిక్కుకుంటుంది. నెబులైజేషన్ ఇచ్చేటప్పుడు ఫిల్టర్ మందుకూ పేషెంటుకూ మధ్య ఉండకూడదు. అయిపోయాక తిరిగి పెట్టడం మరిచిపోకూడదు.

హ్యుమిడిఫయర్ ఆన్‌లో ఉంది కదా, తెర మీద 37 చూపిస్తోంది కదా, అంటే సరిపోదు. తెర చూపేది వేడి, తడి కాదు. టర్బైన్ వెంటిలేటర్ నుంచి గాలి ఇప్పటికే వెచ్చగా వస్తుంటే, లేదా గది బాగా వేడిగా ఉంటే, ఛాంబర్ కింది ప్లేటు పెద్దగా పని చేయదు. గాలి ఎలాగూ 37కు దగ్గరగా ఉంది కదా అని అది ఊరుకుంటుంది. వేడి సరిగానే ఉంటుంది, నీళ్లు మాత్రం ఆవిరవవు. దీన్ని కనిపెట్టడం సులువే: ట్యూబుకు దగ్గరున్న ముడతల గొట్టంలోకి చూడండి. లోపల చిన్న చిన్న నీటిబొట్లు కనిపించాలి. పొడిగా ఉంటే అనుమానించండి. ఛాంబర్‌లో నీళ్లున్నాయా? ఒక షిఫ్టు మొత్తంలో నీటిమట్టం కొంచెం కూడా తగ్గలేదా? తగ్గకపోతే ఆవిరి పోవట్లేదన్నమాట. అందులో పోసేది స్టెరైల్ వాటరే, సెలైన్ కాదు.

గాలి ఎటు తోస్తుందో అటే

ఇప్పుడు అసలు విషయం. ఇది చాలా చోట్ల చెప్పరు, అందుకే దీని మీద ఎక్కువసేపు ఉంటాను.

కఫం పలచటి పొరగా గొట్టం గోడకు అంటుకుని ఉంది. దాని మీద నుంచి గాలి లోపలికి వెళ్తుంది, బయటికి వస్తుంది. లోపలికి వెళ్లేటప్పుడు లోపలికి ఈడుస్తుంది, బయటికి వచ్చేటప్పుడు బయటికి ఈడుస్తుంది. మరి నికరంగా ఎటు కదులుతుంది? ఏ వేగం ఎక్కువైతే అటు. మామూలు శ్వాసలో వదిలేటప్పుడు గొట్టాలు కొంచెం సన్నబడతాయి కాబట్టి గాలి బయటికి వేగంగా పోతుంది, మనకు మేలు జరుగుతుంది. వెంటిలేటర్ మీద ఈ లెక్క మన చేతుల్లో ఉంటుంది, మనకు తెలిసినా తెలియకపోయినా.

లాబొరేటరీ పరీక్షల్లో తేలింది ఏంటంటే, బయటికొచ్చే గాలి గరిష్ఠ వేగం లోపలికెళ్లేదానికంటే కనీసం 10 శాతమైనా ఎక్కువ ఉంటేనే శ్లేష్మం బయటికి జరుగుతుంది. టెస్ట్ లంగ్ మీద చేసిన ఇంకో పరీక్షలో రెండింటి తేడా నిమిషానికి 17 లీటర్లు దాటాలని తేలింది. నమూనా ఊపిరితిత్తి మీద కొలిచిన సంఖ్య అది, మంచం మీదున్న మనిషికి అచ్చం అలాగే వర్తిస్తుందని నేననను. కానీ దిక్కు మాత్రం స్పష్టం.

ఒక లెక్క వేద్దాం. వాల్యూమ్ కంట్రోల్ (శ్వాసకు ఇంత గాలి అని మనం నిర్ణయించే మోడ్), 500 మిల్లీలీటర్లు, ఫ్లో, అంటే గాలి వేగం, నిమిషానికి 60 లీటర్లు. శ్వాస లోపలికి వెళ్లడానికి పట్టేది అర సెకను. ఇప్పుడు తెర మీద ఫ్లో గ్రాఫు చూడండి. సున్నా గీతకు కిందికి దిగిన కొన ఎంత? 45 అనుకోండి. లోపలికి 60, బయటికి 45. ప్రతి శ్వాసా కఫాన్ని లోపలికి నెడుతోంది. నిమిషానికి 20 శ్వాసలంటే రోజుకు 28,800 సార్లు. మనం పూటకోసారి వచ్చి సక్షన్ చేసి, కఫం ఏమీ రాలేదు, బాగుంది అని రాస్తాం! రాలేదంటే లేదని అర్థమా?

అదే ఫ్లోను 30కి తగ్గిస్తే? 500 మిల్లీలీటర్లకు ఒక సెకను పడుతుంది. లోపలికి 30, బయటికి అదే 45. ఇప్పుడు గాలి మన పక్షాన ఉంది. ఎంత ఖర్చయింది? ఏమీ కాలేదు, ఒక నాబ్ తిప్పాం.

అయితే తిప్పేముందు రెండు చూసుకోవాలి. ఒకటి, లోపలికి ఎక్కువ సమయం ఇస్తే వదలడానికి సమయం తగ్గుతుంది. నిమిషానికి 20 శ్వాసలైతే ఒక్కో శ్వాసకు 3 సెకన్లు, ఒక సెకను తీసుకున్నా 2 మిగులుతాయి, చాలు. నిమిషానికి 35 శ్వాసలు తీసే సీఓపీడీ (గాలిగొట్టాలు సన్నబడే దీర్ఘకాలిక జబ్బు) పేషెంటుకు అలా చేస్తే గాలి లోపల చిక్కుకుంటుంది. గ్రాఫు సున్నాకు చేరకముందే తర్వాతి శ్వాస మొదలవుతుంటే మీరు తప్పు చేస్తున్నారు. రెండోది, మెలకువగా ఉండి తనంతట తాను శ్వాస లాగుతున్న పేషెంటుకు 30 లీటర్ల ఫ్లో చాలదు. గాలికోసం అల్లాడిపోతాడు. అలాంటివాళ్లకు ఈ ప్రయోగం వద్దు. ప్రెషర్ మోడ్‌లలో, అంటే వాల్యూమ్ బదులు ప్రెషర్‌ను మనం నిర్ణయించేవాటిలో, ఫ్లో మొదట్లోనే గుప్పున పైకి లేస్తుంది. అక్కడ రైజ్ టైమ్ (ఆ ప్రెషర్ చేరడానికి పట్టే సమయం) కొంచెం పెంచితే ఆ కొన తగ్గుతుంది.

వెనక వరసవాళ్లు ఫోన్లు ఎత్తుతున్నారు, ఈ గ్రాఫు ఫొటో అక్కర్లేదు, మీ ఐసీయూకు వెళ్లి ఏ వెంటిలేటర్ ముందు నిలబడినా ఇదే కనిపిస్తుంది. అక్కడ చూడండి.

ఈ సూత్రం అర్థమైతే చేత్తో నొక్కే అంబు బ్యాగ్‌తో చేసే హైపర్‌ఇన్‌ఫ్లేషన్, అంటే ఊపిరితిత్తులను మామూలుకంటే ఎక్కువ నింపడం, ఎందుకు కొందరి చేతిలో పని చేస్తుంది, ఇంకొందరి చేతిలో ఎదురు తిరుగుతుంది అన్నది కూడా అర్థమవుతుంది. సరైన పద్ధతి ఇది: బ్యాగును నెమ్మదిగా, 3 సెకన్లు పట్టేలా నొక్కాలి. నిండాక 2 సెకన్లు పట్టి ఉంచాలి. మూసుకున్న భాగాలకు గాలి పక్కదారుల్లోంచి చేరడానికి ఆ సమయం కావాలి, కఫం వెనక్కి గాలి చేరితేనే కదా అది ముందుకు వచ్చేది. తర్వాత చేతులు టక్కున వదిలేయాలి. చాలామంది ఏం చేస్తారు? గబుక్కున నొక్కుతారు, నెమ్మదిగా వదులుతారు. సరిగ్గా తిరగేసి. గాలి వేగంగా లోపలికి, మెల్లగా బయటికి. అంటే కఫాన్ని కిందికి తోయడానికి శ్రమపడుతున్నారన్నమాట. మధ్యలో ప్రెషర్ మీటరు తప్పకుండా పెట్టండి, 40 సెంటీమీటర్ల నీటి ప్రెషర్ దాటకూడదు. మీటరు లేకుండా చేతి అంచనాతో చేస్తే ఎంత ఇస్తున్నామో ఎవరికీ తెలియదు, నొక్కేవాళ్లకు కూడా.

బ్యాగు కోసం సర్క్యూట్ విప్పకుండా అదే పని వెంటిలేటర్‌తోనే చేయొచ్చు. నాకు ఇదే నచ్చుతుంది, ఎందుకంటే పీప్ (శ్వాస వదిలాక కూడా ఊపిరితిత్తుల్లో నిలిపి ఉంచే ప్రెషర్) పోదు, ఇచ్చే ప్రెషర్ కళ్లముందు ఉంటుంది. వాల్యూమ్ కంట్రోల్ పెట్టండి. ఫ్లో 20కి దించండి. రేటు నిమిషానికి 10కి తగ్గించండి. టైడల్ వాల్యూమ్‌ను, అంటే ఒక్కో శ్వాసకు ఇచ్చే గాలిని, 150, 200 మిల్లీలీటర్ల చొప్పున పెంచుకుంటూ పోండి, పీక్ ప్రెషర్ 40 చేరేదాకా. ఉదాహరణకు 1000 మిల్లీలీటర్లకు 20 లీటర్ల ఫ్లోలో 3 సెకన్లు పడుతుంది, వదలడానికి ఇంకో 3 సెకన్లు. ఇలాంటివి 6 నుంచి 8 శ్వాసలు ఒక విడత. తర్వాత మామూలు సెట్టింగులో ఒక నిమిషం. మళ్లీ ఒక విడత. కఫం ట్యూబులోకి వచ్చిందనిపించగానే సక్షన్. ఇక్కడ జరిగే తప్పు ఒకటే, అది ప్రమాదకరమైనది: పని అయిపోయాక పాత సెట్టింగులకు, పాత అలారమ్ హద్దులకు తిరిగి వెళ్లడం మరిచిపోవడం. మొదలుపెట్టే ముందే పాత అంకెలు కాగితం మీద రాసి వెంటిలేటర్‌కు అంటించండి. అయ్యాక ఇంకొకరిచేత చదివించి సరిచూడండి.

ఎవరికి చేయకూడదు? ఏఆర్‌డీఎస్‌లో, అంటే ఊపిరితిత్తులు వాచి గట్టిపడే తీవ్ర జబ్బులో, చిన్న శ్వాసలతో కాపాడుకుంటున్న ఊపిరితిత్తులకు వద్దు. డ్రెయిన్ వేయని న్యూమోథొరాక్స్ (ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం), పెద్ద బుల్లాలు (ఊపిరితిత్తిలో గాలి బుడగలు), బీపీ నిలకడగా లేకపోవడం, మెదడులో ఒత్తిడి పెరిగి ఉండటం, పీప్ 10కి మించి అవసరమవడం, వీటిలో ఏది ఉన్నా వద్దు.

ఛాతీ మీద చరచడం, కంపనం ఇవ్వడం సంగతి. ఏళ్లుగా చేస్తున్నాం, చేస్తున్నట్టు కనిపిస్తుంది కూడా. కానీ వెంటిలేటర్ మీదున్న ప్రతి పేషెంటుకూ రోజూ వేళకు చేస్తే మేలు జరుగుతుందని చూపించే ఆధారం బలంగా లేదు. ఛాతీని నొక్కడం పనికొస్తుంది, ఎప్పుడంటే గాలి వదలడం మొదలైన మరుక్షణం, బలంగా, క్లుప్తంగా నొక్కితే. అప్పుడు బయటికొచ్చే గాలి కొన పెరుగుతుంది. శ్వాస చివర్లో మెల్లగా నొక్కి పట్టుకుంటే ఊపిరితిత్తి ఇంకాస్త మూసుకుంటుంది తప్ప వేరే ఏమీ జరగదు. పక్కటెముకలు విరిగినవాళ్లకు, ఎముకలు గుల్లబారినవాళ్లకు చేయి పెట్టకండి.

పడుకోబెట్టే తీరు గురించి క్లుప్తంగా. ఒకవైపు ఊపిరితిత్తి మూసుకుంటే ఆ వైపు పైకి ఉండేలా పక్కకు తిప్పండి. కఫం దిగుతుంది, మంచి ఊపిరితిత్తికి రక్తం ఎక్కువ అందడంతో ఆక్సిజన్ కూడా మెరుగవుతుంది. ఊపిరితిత్తిలోంచి రక్తం ధారగా వస్తుంటే మాత్రం లెక్క మారుతుంది, పాడైన వైపే కిందికి ఉండాలి, లేకపోతే మంచి వైపు కూడా రక్తంతో నిండుతుంది. తల కిందికి వంచి కఫం కారనిచ్చే పాత పద్ధతి ట్యూబు ఉన్నవాళ్లకు మంచిది కాదు. కడుపులోది పైకి వస్తుంది, మెదడులో ఒత్తిడి పెరుగుతుంది. మామూలుగా తలవైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తే ఉండాలి.

సక్షన్

ఇప్పుడు సక్షన్ దగ్గరికి వద్దాం. మొదటి ప్రశ్న, ఎప్పుడు చేయాలి? రెండు గంటలకోసారి అని కాదు. అవసరమైనప్పుడు. అవసరం ఎలా తెలుస్తుంది? ట్యూబులో కఫం కనిపిస్తుంది. ట్రాకియా మీద స్టెతస్కోప్ పెడితే గరగర వినిపిస్తుంది. వెంటిలేటర్ ఫ్లో గ్రాఫులో, ముఖ్యంగా వదిలే భాగంలో, రంపపు పళ్లలాంటి గీత వస్తుంది. వీటిలో ఆ రంపపు పళ్లు చాలా నమ్మదగ్గ గుర్తు, ఒక్క షరతు మీద: సర్క్యూట్ గొట్టంలో నీళ్లు నిలిచినా అదే గీత వస్తుంది. ముందు గొట్టంలో నీళ్లు వంచేయండి, పేషెంటు వైపు కాకుండా నీళ్లు పట్టే ట్రాప్ వైపు. అప్పటికీ పళ్లు పోకపోతే సక్షన్.

ప్రెషర్లు కూడా చెబుతాయి. పీక్ పెరిగింది, ప్లాటో (శ్వాస నిండాక గాలి ఆపి చూసే ప్రెషర్) అలాగే ఉంది, అంటే గొట్టాల్లో అడ్డం ఉంది: కఫం, ట్యూబు మడత, పేషెంటు ట్యూబును కొరకడం, బ్రాంకోస్పాజమ్. రెండూ కలిసి పెరిగితే అడ్డం కంటే లోతైన సంగతి: ఊపిరితిత్తి మూసుకుంది, లేదా ట్యూబు కుడివైపు దిగింది, లేదా న్యూమోథొరాక్స్. ప్రెషర్ కంట్రోల్‌లో ఉంటే పీక్ పెరగదు, దాని బదులు టైడల్ వాల్యూమ్ తగ్గుతుంది. కాబట్టి ఆ మోడ్‌లో వాల్యూమ్ అలారమ్‌ను నిర్లక్ష్యం చేయకండి.

క్యాథెటర్ ఎంత లావుది? ట్యూబు లోపలి వ్యాసంలో సగానికి మించకూడదు. ఫ్రెంచ్ సైజును 3తో భాగిస్తే మిల్లీమీటర్లు వస్తాయి. 8 మిల్లీమీటర్ల ట్యూబుకు సగం 4 మిల్లీమీటర్లు, అంటే 12 ఫ్రెంచ్. 7 ట్యూబుకు 10. 6 ట్యూబుకు 8. సగం అని ఎందుకు? లాగే గాలి ఎక్కడి నుంచి రావాలి? క్యాథెటర్ పక్కనున్న ఖాళీలోంచి కొత్త గాలి లోపలికి వస్తేనే. ఖాళీ లేకపోతే ఊపిరితిత్తుల్లో ఉన్న గాలినే లాగేస్తారు, అవి మూసుకుపోతాయి. కఫం చిక్కగా ఉందని 14 ఫ్రెంచ్ పెడదాం అనిపిస్తుంది. చిక్కదనానికి మందు తడి, లావు క్యాథెటర్ కాదు.

సక్షన్ ప్రెషర్ పెద్దవాళ్లకు 200 మిల్లీమీటర్ల పాదరసం లోపు, పిల్లలకూ నవజాత శిశువులకూ 120 లోపు. ఇవి హద్దులు, లక్ష్యాలు కావు. తక్కువతో పని అయితే తక్కువే పెట్టండి. ఇంకోటి, గేజ్ చదివేటప్పుడు గొట్టం చివర బొటనవేలితో మూయండి. తెరిచి ఉంచి చదివితే అంకె తక్కువ చూపిస్తుంది, అది తక్కువగా ఉందని మీరు పెంచుతారు, క్యాథెటర్ గోడకు అంటుకున్న క్షణాన అసలు ప్రెషర్ మొత్తం మ్యూకోసా, అంటే గొట్టం లోపలి పొర, మీద పడుతుంది.

ముందు 30 నుంచి 60 సెకన్లు 100 శాతం ఆక్సిజన్. క్యాథెటర్ దించేటప్పుడు సక్షన్ ఉండకూడదు, తీసేటప్పుడే. లోపలికి వెళ్లి బయటికి రావడానికి మొత్తం 15 సెకన్లు. ఎంత లోతు? ట్యూబు మీదున్న సెంటీమీటరు గుర్తు, క్యాథెటర్ మీదున్న గుర్తు ఒకదానికొకటి కలిసేదాకా, అప్పటికి కొన ట్యూబు చివరికి చేరుతుంది. ఇంకో సెంటీమీటరు చాలు. తగిలేదాకా తోసి వెనక్కి లాగడం అలవాటైనవాళ్లు ఆ అలవాటు మానాలి. అక్కడ తగిలేది కెరీనా, ట్రాకియా రెండుగా చీలే చోటు. తగిలిన ప్రతిసారీ గాయం, వేగస్ నరం రెచ్చిపోతే గుండె వేగం పడిపోవడం. అలా పడిపోతే వెంటనే క్యాథెటర్ తీసేయండి, 100 శాతం ఆక్సిజన్ ఇవ్వండి, చాలాసార్లు అంతటితో సర్దుకుంటుంది. సర్దుకోకపోతే అట్రోపిన్.

లోతు పోయినా అది ఎడమ ఊపిరితిత్తిలోకి వెళ్లదని కూడా గుర్తుంచుకోండి. కుడి ఊపిరితిత్తికి వెళ్లే గొట్టం, కుడి బ్రాంకస్, దాదాపు నిటారుగా ఉంటుంది, నిటారుగా ఉన్న క్యాథెటర్ అటే పోతుంది. ఎడమ కింది భాగం మూసుకున్న పేషెంటుకు ఎన్నిసార్లు సక్షన్ చేసినా అక్కడిది రాదు. అక్కడ పని చేసేది పైన చెప్పిన గాలి, పక్కకు తిప్పడం.

ఓపెనా, క్లోజ్డా? అంటే సర్క్యూట్ విప్పి సక్షన్ చేయడమా, విప్పకుండా చేయడమా? వెంటిలేటర్ న్యుమోనియా విషయంలో రెండింటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. క్లోజ్డ్‌లో పీప్ నిలుస్తుంది, తుంపర్లు బయటికి రావు. పీప్ ఎక్కువ ఉన్నవాళ్లకు, అంటువ్యాధి అనుమానం ఉన్నవాళ్లకు క్లోజ్డే. దానికుండే తప్పులు దానికున్నాయి. ఒకటి, పని అయ్యాక క్యాథెటర్‌ను నల్ల గీత కనబడేదాకా పూర్తిగా వెనక్కి లాగకపోవడం. కొన ట్యూబులో మిగిలితే రోజంతా గాలికి అడ్డమే. రెండోది, కడిగేటప్పుడు క్రమం తప్పడం. ముందు సక్షన్ బటన్ నొక్కి పట్టుకోవాలి, తర్వాతే సెలైన్ ఎక్కించాలి. ముందు సెలైన్ ఎక్కిస్తే అది నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మూడోది, లాక్ వేయడం మరవడం. సక్షన్ కొద్దికొద్దిగా లాగుతుంటే వెంటిలేటర్ దాన్ని పేషెంటు శ్వాస అనుకుని ఊరికే ట్రిగర్ అవుతుంది.

సెలైన్ వేయాలా? ఈ ప్రశ్న ప్రతిచోటా వస్తుంది. అలవాటుగా ప్రతిసారీ వేయకండి. ఆక్సిజన్ పడిపోతుంది, పేషెంటు ఉక్కిరిబిక్కిరవుతాడు, వేసినదంతా తిరిగి రాదు. 2009లో బ్రెజిల్ నుంచి వచ్చిన ఒక ట్రయల్‌లో ప్రతి సక్షన్‌కు ముందు 8 మిల్లీలీటర్లు వేసినవాళ్లలో న్యుమోనియా తక్కువగా కనిపించింది, దాన్ని కాదనలేం. కానీ మార్గదర్శకాలు ఇప్పటికీ మామూలుగా వద్దనే అంటాయి. నా మాట అడిగితే, సెలైన్ వేయాల్సి వస్తోందంటే ముందు హ్యుమిడిఫయర్ దగ్గరికి వెళ్లండి.

మందుల గురించి రెండే మాటలు. కఫాన్ని పలచబరిచే ఎసిటైల్‌సిస్టీన్ నెబులైజేషన్ బ్రాంకోస్పాజమ్ తెప్పించగలదు, అందుకే గాలిగొట్టాలను తెరిచే సాల్బుటమాల్‌తో కలిపి ఇస్తారు. ఈ రెండింటినీ వేళకు ఇవ్వడం, అవసరం పడితేనే ఇవ్వడం, ఏది మేలని నెదర్లాండ్స్‌లో చేసిన ట్రయల్ ఫలితం 2018లో వచ్చింది. అవసరం పడితేనే ఇచ్చినవాళ్లు ఏమీ నష్టపోలేదు. కాబట్టి చార్టులో ఆరు గంటలకోసారి అని రాసి మరిచిపోయే మందు కాదు ఇది.

బెలూన్ పైన చేరేది వేరే కథ. నోటిలోంచి జారిన లాలాజలం, కడుపులోంచి వచ్చింది, అక్కడ మడుగు కడుతుంది. క్యాథెటర్ దాన్ని అందుకోలేదు. రెండు మూడు రోజులకు మించి ట్యూబు ఉండేలా ఉంటే సబ్‌గ్లాటిక్ పోర్ట్, అంటే బెలూన్ పైనున్నదాన్ని లాగే రంధ్రం, ఉన్న ట్యూబే వేయడం మంచిది. ఎడతెగకుండా అయితే 20 మిల్లీమీటర్ల పాదరసం దగ్గర, మధ్యమధ్యలో అయితే 10 మిల్లీలీటర్ల సిరంజితో లాగొచ్చు. ఏమీ రావట్లేదంటే మడుగు లేదని కాదు, చాలాసార్లు మ్యూకోసా వచ్చి ఆ రంధ్రాన్ని మూస్తుంది. 2, 3 మిల్లీలీటర్ల గాలి ఎక్కించి మళ్లీ లాగండి. బెలూన్ ప్రెషర్ 20 నుంచి 30 సెంటీమీటర్ల నీటి ప్రెషర్ మధ్య ఉండాలి, మీటరుతో, ప్రతి షిఫ్టులో. 20 కంటే దిగితే మడుగు కిందికి కారుతుంది, 30 దాటితే ట్రాకియా గోడకు రక్తం అందదు. వేళ్లతో నొక్కి చూసి సరిపోయింది అనడం కొలత కాదు. పేషెంటును తిప్పే ముందు, బెలూన్ గాలి తీసే ముందు నోరూ, బెలూన్ పైభాగమూ లాగేయడం తప్పనిసరి.

క్యాథెటర్ దిగనే దిగట్లేదు. అప్పుడు? ముందు కొరుకుతున్నాడేమో చూడండి, బైట్ బ్లాక్ పెట్టండి. మెడ దగ్గర మడత ఉందేమో చూడండి. రెండూ కాకపోతే ట్యూబు లోపల కఫం గడ్డ కట్టింది. బ్యాగుతో గట్టిగా నొక్కి దాన్ని కిందికి తోసే ప్రయత్నం చేయకండి. డాక్టర్‌ను పిలవండి, ట్యూబు మార్చడానికి సిద్ధం చేయండి. గాలి అసలే వెళ్లకపోతే, ఆక్సిజన్ పడిపోతుంటే, ట్యూబు తీసేసి మాస్కుతో గాలి ఇవ్వాలి. మూసుకుపోయిన ట్యూబు ఉన్నా లేనట్టే.

బ్రాంకోస్కోపీ, అంటే కెమెరా ఉన్న సన్నటి స్కోపు దించి చూసి లాగడం, ఎప్పుడు? ఒక భాగం మూసుకుపోయిన ప్రతి పేషెంటుకూ మొదటి అడుగుగా కాదు. 1979లోనే చేసిన ఒక పోలికలో గట్టిగా చేసిన ఫిజియోథెరపీ కంటే బ్రాంకోస్కోపీ మెరుగ్గా తేలలేదు. అదే పరిశీలనలో పనికొచ్చే ఒక గుర్తు దొరికింది: ఎక్స్‌రేలో మూసుకున్న భాగంలో గాలి నిండిన గొట్టాలు నల్లటి గీతల్లా కనిపిస్తే పెద్ద గొట్టంలో అడ్డం లేదు, స్కోపుతో లాగడానికి అక్కడ ఏమీ ఉండదు. అవి కనిపించకపోతే, ఫిజియోథెరపీకి లొంగకపోతే, అప్పుడు స్కోపు. స్కోపు పోవాలంటే ట్యూబు దానికంటే కనీసం 2 మిల్లీమీటర్లు వెడల్పుండాలి.

ఇక దగ్గు. కండరాల జబ్బు, వెన్నుపాము గాయం ఉన్నవాళ్లకు దగ్గు యంత్రం చాలా మంచిది. ట్యూబుకు నేరుగా తగిలించొచ్చు, బెలూన్ ఉబ్బే ఉండాలి. ప్లస్ 20, మైనస్ 20 సెంటీమీటర్ల నీటి ప్రెషర్ దగ్గర మొదలుపెట్టి ప్లస్ 40, మైనస్ 40 దాకా వెళ్లండి. లోపలికి 2, 3 సెకన్లు మెల్లగా, బయటికి ఒక్కసారిగా, అదే సూత్రం. ఐదేసి దగ్గులు నాలుగైదు విడతలు, మధ్యలో సక్షన్. ట్యూబు సన్నగా ఉంటే అది సగం వేగాన్ని మింగేస్తుంది, కాబట్టి 40 పెట్టాం కదా అని తృప్తిపడక తెర మీద ఫ్లో చూడండి. బుల్లాలు, న్యూమోథొరాక్స్, బీపీ నిలకడ లేనివాళ్లు, వీళ్లకు ఇదీ వద్దు. అయ్యాక వెంటనే పీప్ తిరిగి కలపండి.

మిగతావాళ్లకు దగ్గు యంత్రం వాళ్ల దగ్గరే ఉంది. మత్తు తగ్గించండి, కూర్చోబెట్టండి. ట్యూబు తీసే ముందు ఆ దగ్గును కొలవండి. గట్టిగా దగ్గమని చెప్పి వెంటిలేటర్ తెర మీద వదిలే ఫ్లో చూడండి, నిమిషానికి 60 లీటర్లు దాటకపోతే ట్యూబు తీశాక ఇబ్బంది పడే అవకాశం ఎక్కువ. ఆ అంకె చూపని వెంటిలేటర్ అయితే, సర్క్యూట్ విప్పి, ట్యూబు చివరికి ఒకటి రెండు సెంటీమీటర్ల దూరంలో తెల్ల కార్డు పట్టుకుని మూడు నాలుగు సార్లు దగ్గించండి. కార్డు తడవకపోతే దగ్గు బలహీనం. రెండు గంటలకోసారి కంటే తరచుగా సక్షన్ అవసరమవుతూ, దగ్గు కూడా బలహీనంగా ఉంటే, ఆ రోజుకు ట్యూబు ఉంచడమే నయం. తీయాలని నిర్ణయిస్తే దగ్గు యంత్రం మాస్కుతో సహా మంచం పక్కన సిద్ధంగా ఉండాలి, తీసిన తర్వాత తెప్పించడం కాదు.

ప్రశ్నలుంటే ఇప్పుడు అడగండి.